గల్ఫ్ ఉద్యోగం పేరుతో మోసం: ‘ఇష్టపడే వెళ్లింది’ అంటే ఏజెంట్ తప్పించుకోలేడు.. చట్టం ఏం చెబుతోందంటే!

తిరుపతి: కువైట్‌లో ఇంటి పని.. మంచి జీతం.. వీసా, టికెట్ అన్నీ నేనే చూసుకుంటా.. ఉమ్మడి చిత్తూరు, కడప జిల్లాల పల్లెల్లో దొంగ ఏజెంట్ల మాటలు ఇలాగే ఉంటాయి. చేతిలో విజిట్ వీసా పెట్టి చెన్నైలో విమానం ఎక్కిస్తారు. అక్కడ దిగాక పాస్‌పోర్ట్ లాక్కోవడం, చెప్పిన పని ఒకటైతే చేయించేది మరొకటి కావడం, చివరికి లైంగిక దోపిడీ దాకా వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. ఇంట్లోవాళ్లు నిలదీస్తే ఏజెంట్ చెప్పేది ఒక్కటే.. "ఆమే ఇష్టపడి వెళ్లింది కదా!"

మరి ఈ మాట కోర్టులో నిలుస్తుందా? నిలవదు.

ఒప్పుకున్నా నేరమే!

2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 143 ప్రకారం.. దోపిడీ కోసం మోసంతో, బెదిరింపుతో, ఆశ చూపి మనిషిని తరలిస్తే అది మానవ అక్రమ రవాణా. బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకి రాదని చట్టమే స్పష్టంగా చెప్పింది. అంతకుముందు జరిగిన నేరాలకు ఐపీసీ సెక్షన్ 370 వర్తిస్తుంది.

శిక్షలు ఇలా..
* ఒకరిని తరలిస్తే: 7 నుంచి 10 ఏళ్ల జైలు
* ఒకరికి మించి తరలిస్తే, లేదా మైనర్‌ను తరలిస్తే: కనీసం 10 ఏళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం
* అలా తెచ్చిన మహిళ అని తెలిసీ లైంగిక దోపిడీకి వాడుకుంటే (సెక్షన్ 144): 3 నుంచి 7 ఏళ్లు

నేరం కువైట్‌లో జరిగితే ఇక్కడ కేసు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. మాయమాటలు చెప్పింది, డబ్బు తీసుకుంది, విమానం ఎక్కించింది ఇక్కడే కదా! కాబట్టి ఊళ్లోని పోలీస్ స్టేషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. మా పరిధి కాదన్నా జీరో ఎఫ్ఐఆర్ అడిగే హక్కు ఉంది. 2019 సవరణతో ఇలాంటి కేసులు ఎన్ఐఏ కూడా దర్యాప్తు చేయొచ్చు. కువైట్‌లోనూ 2013 నుంచి అక్రమ రవాణాపై ప్రత్యేక చట్టం ఉంది.

వెళ్లే ముందు ఇవి చూసుకోండి

పదో తరగతి పాస్ కానివారికి సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్ట్ ఇస్తారు. ఈ పాస్‌పోర్ట్‌తో కువైట్, సౌదీ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి. మహిళలకైతే 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి వీరిని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న నిబంధన ఉంది. మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓమ్‌క్యాప్. విజిట్ వీసా ఇచ్చేది ఈ తనిఖీలన్నీ తప్పించుకోవడానికే! ఏజెంట్‌కు లైసెన్స్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడొచ్చు. లైసెన్స్ ఉన్నా సర్వీస్ ఛార్జీ రూ.30 వేలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు.

ఇప్పటికే చిక్కుకుంటే..

కఫీల్ ఇంటి నుంచి బయటపడగలిగితే నేరుగా భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. కువైట్‌లో అక్కడే షెల్టర్ ఉంది. టికెట్‌కు డబ్బులు లేకపోతే ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి నుంచి సాయం అడగొచ్చు. ఇంట్లోవాళ్లు ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181, పోలీసులకు 112.

ఒక్క విషయం మర్చిపోవద్దు.. ఏజెంట్ పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు, ఫోన్‌పే చెల్లింపులు, వీసా, టికెట్ కాపీలు డిలీట్ చేయకండి. రేపు కోర్టులో మాట్లాడేవి అవే. పరువు పోతుందని ఊరుకుంటే అదే ఏజెంట్ రేపు పక్క ఊళ్లో ఇంకో ఇంటి తలుపు తడతాడు.