అండమాన్ దీవులను చుట్టుముడుతున్న మత్తు

2008 డిసెంబరులో లిటిల్ అండమాన్ దీవిలోని డుగాంగ్ క్రీక్ తీరానికి ఒక ప్లాస్టిక్ డబ్బా కొట్టుకువచ్చింది. అందులోని ద్రవాన్ని మద్యమని భ్రమించి సేవించిన ఓంగే తెగవారిలో ఎనిమిది మంది మరణించారు. మరికొందరు ఆస్పత్రి పాలయ్యారు. కల్తీసారా దుర్ఘటనలతో పోల్చి చూస్తే ఈ సంఖ్య స్వల్పమనిపించవచ్చు. కాని అప్పటికి ఓంగేల మొత్తం జనాభా దాదాపు వంద మాత్రమే. ఒక్క ఘటనలో ఆ తెగ ఇంచుమించు పన్నెండో వంతును కోల్పోయింది.

ఈ దీవులకు మత్తు బయటివారి ద్వారా రావడం కొత్త కాదు. 1858లో బ్రిటిష్ ప్రభుత్వం పోర్ట్‌బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం నెలకొల్పిన తరువాత, ‘అండమాన్ హోమ్స్’ పేరిట ఆదిమవాసులను చేరదీసి వారికి పొగాకును, మద్యాన్ని అలవాటు చేసింది. వాటి వెంటనే అంటురోగాలూ ప్రవేశించాయి. సుమారు ఐదు వేల మంది ఉండేవారని అంచనా వేసిన గ్రేట్ అండమానీయులు 1901 నాటికి 625కు, 2011 జనాభా లెక్కల నాటికి 44కు తగ్గిపోయారు. ఈ క్షీణతకు రోగాలే ప్రధాన కారణమైనప్పటికీ, మిగిలినవారిని మద్యవ్యసనం మరింత కుంగదీసింది.

వలసవచ్చి స్థిరపడినవారి పరిస్థితి సైతం ఆందోళనకరంగానే ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 15 ఏళ్ళు పైబడిన పురుషులలో సుమారు 19 శాతం మద్యం సేవిస్తుండగా, అండమాన్‌లో ఆ సంఖ్య 39 శాతం. 2011 లెక్కల ప్రకారం ఇక్కడివారిలో 13 శాతం మంది మాతృభాష తెలుగు. కనుక తెలుగు కుటుంబాలకు ఇది పరాయి సమస్య కాదు.

మద్యానికి తోడు మాదకద్రవ్యాల రవాణా మరొక ముప్పుగా పరిణమించింది. మయన్మార్‌కు చేరువలో ఉన్న ఈ సముద్రం దొంగరవాణాదారులకు దారి అయింది. 2019 సెప్టెంబరులో కార్ నికోబార్ సమీపాన ఒక మయన్మార్ నౌక నుండి 1,160 కిలోల కెటమిన్‌ను తీరరక్షక దళం స్వాధీనం చేసుకున్నది. 2024 నవంబరులో బారెన్ దీవి సమీపాన పట్టుబడిన చేపల పడవలో దాదాపు ఆరు టన్నుల మెథాంఫెటమిన్ లభించింది. ఆరుగురు మయన్మార్ దేశీయులు అరెస్టయ్యారు.

వందలాది దీవులలో జనావాసమున్నవి నలభై లోపే. తక్కిన తీరాలన్నింటిపై నిరంతర నిఘా దుస్సాధ్యం. ఆదిమ తెగల రక్షణకు 1956లో చేసిన నిబంధనావళిని 2012లో సవరించి శిక్షలను కఠినతరం చేశారు. అయితే చట్టం బయటివారి రాకను నిరోధించగలదేమో గాని, అలలతో వచ్చే డబ్బాను ఆపలేదు. గస్తీతో పాటు, తీరానికి కొట్టుకువచ్చిన వస్తువుల ప్రమాదాన్ని తెగలవారికి వారి భాషలోనే తెలియజెప్పడం, వ్యసనపరులకు దీవులలోనే చికిత్స అందించడం తక్షణావసరం. టన్నులకొద్దీ సరుకు పట్టుబడినప్పుడు దేశం దృష్టి ఇటు మళ్ళుతున్నది. ఓంగేల వంటి తెగకు మాత్రం ఒక్క డబ్బా చాలు.