కిరసనాయిలు తొట్టికి ఏ పంపు?

ఇంటి ముంగిట చిన్న షెడ్డు వేసికొని మోటారు సైకిళ్లు మరమ్మతు చేయు కుటుంబముల నుండి కళాశాలలకు వచ్చు విద్యార్థులు తక్కువ కారు. అట్టి షెడ్డులో బేరింగులకు, గేరు చక్రములకు పట్టిన జిడ్డును వదల్చుటకు కిరసనాయిలు పోసిన పళ్లెము, ఒక బ్రష్షు ఉండనే ఉండును. తెలంగాణమున దీనిని గ్యాసునూనె అందురు. పేరులో గ్యాసున్నను దానిని చూచి భయపడువారు అరుదు.

పళ్లెమునకు బదులు ఒక తొట్టి, దానిపై చిల్లుల తట్ట, నూనెను తోడి సన్నని ధారగా వదలు పంపు అమర్చుకొన్నచో అదే నూనె పలుమార్లు పనికివచ్చును. మీటరు ఎత్తునకు నిమిషమునకు మూడు నాలుగు లీటర్లు వచ్చిన చాలును. ఇంత స్వల్పమైన పనికి ఎవరికైనను మొదట స్ఫురించునది ఎయిర్ కూలరు పంపు. అది చవక, 18 వాట్లతో నడచును, ఏ బజారులోనైనను దొరకును.

కాని అది నీటి కొరకు చేసిన పంపు. దాని తీగచుట్టను రెసిన్‌లో పోతపోసి మూసియుందురు. బ్రష్షులు లేవు కనుక లోపల నిప్పురవ్వ పుట్టదు. అందుచేత కిరసనాయిలులోనూ కొన్నాళ్లు చక్కగా నడచును. మోసము ఇక్కడనే ఉన్నది. వైరుపై నున్న ప్లాస్టిక్ తొడుగునకు మెత్తదనము నిచ్చు ద్రవ్యమును కిరసనాయిలు మెల్లగా లాగివేయును; తొడుగు గట్టిపడి పగులును. అప్పుడు 230 వోల్టుల తీగ నూనెలో బయటపడును. నూనె మట్టము తగ్గినచో పంపు వట్టిగా తిరిగి వేడెక్కును.

కిరసనాయిలు ఆవిరి నిప్పురవ్వకు అంటుకొను కనీస ఉష్ణోగ్రతను ఫ్లాష్ పాయింటు అందురు. భారత ప్రమాణముల ప్రకారము అది 35 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గరాదు. రోహిణి కార్తెలో మన రేకుల షెడ్డు ఎంత వేడెక్కునో వేరుగా చెప్పనక్కరలేదు. పెట్రోలు సంగతి మరియు ఘోరము. గడ్డకట్టు చలిలోనూ అది అంటుకొనును, కనుక తొట్టిలో దానిని పోయనే రాదు. కారు అద్దము కడుగు చిన్న పంపునకు బ్రష్షులుండును. అదియు ఈ పనికి తగదు.

మరి చవకలో ఏది? మా అభిప్రాయమున చేతితో త్రిప్పు పీపా పంపు. దాని సీళ్లు నైట్రైల్ రబ్బరువై యుండవలెను. సహజ రబ్బరు నూనెలో ఉబ్బిపోవును. అంతకన్న చవక, ఎత్తున బల్లపై కుళాయి గల రేకు డబ్బా; క్రింద చేరిన నూనెను మడ్డి దిగిన పిదప మరల పైకి పోసికొనవచ్చును. పాత కార్లలోని పొర గల పెట్రోలు పంపును చేతి మీటతో ఆడించవచ్చును గాని ధార మరీ స్వల్పము.

కూలరు పంపునే వాడదలచినచో మార్చవలసినది ద్రవము. గోరువెచ్చని నీటిలో డిటర్జెంటు కలిపిన చాలవరకు జిడ్డు పోవును. కాస్టిక్ సోడా మాత్రము కలుపరాదు. అది అల్యూమినియమును తినివేయును. కడిగిన ఇనుప భాగములను వెంటనే తుడిచి నూనె రాయవలెను. తొట్టిలో చేయి పెట్టునపుడు ప్లగ్గు తీసియుండవలెను.

కిరసనాయిలు తొట్టి ఏదైనను, దానికి ఇనుప మూత తప్పదు. కర్మాగారములలో చేయు తొట్లకు మూతను వేడికి కరగు లోహపు ముక్కతో నిలిపియుంచెదరు. మంట లేచినచో ఆ ముక్క కరగి మూత తానే పడును. మన షెడ్డులో మూతను కొయ్యపుల్లతో నిలిపి, ఆ పుల్లకు కట్టిన పొడవైన త్రాడును తలుపు దగ్గర వ్రేలాడదీసిన చాలును.