సిరిమానుకు పెరిగిన రెండు కిలోలు

దసరా తర్వాత వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను పట్టుకుని వదల్లేదు. రాసినాయనది విజయనగరం. ఆదిమానవుడి తిండి అని ఎవరో చెబితే అన్నం, రొట్టె, చోడి అంబలి, పప్పు అన్నీ మానేశారట. మాంసం, గుడ్లు, కూరగాయలు, కొబ్బరినూనె. పది రోజుల్లో నాలుగు కిలోలు తగ్గారు. ఇంతలో పైడితల్లమ్మ పండగ, ఇంటినిండా చుట్టాలు. తొలేళ్ళ నాడూ సిరిమాను నాడూ అందరితో పాటు విస్తరి ముందు కూర్చున్నారు. మర్నాడు బుధవారం పొద్దున్న తూచుకుంటే రెండు కిలోలు పెరిగారు. "రెండు రోజుల్లో రెండు కిలోల కొవ్వు ఎలా పట్టిందండీ?" అని అడిగారు.

పట్టలేదు. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలుంటాయి, రెండు కిలోలంటే 15,400. వంద గ్రాముల బియ్యానికి 350 చొప్పున వేసుకున్నా, మీరు రోజూ తినేది కాక మరో నాలుగు కిలోల పైచిలుకు బియ్యం వండించుకుని తినుండాలి. ఎంత అమ్మవారి పండగైనా అది మనిషి వల్ల కాదు. ఇదే లెక్క వెనక్కి తిప్పితే మాత్రం మీకు నచ్చదు. పది రోజుల్లో పోయిన నాలుగు కిలోలూ కొవ్వే అయితే రోజుకు 3,080 కేలరీల లోటు పడాలి. కుర్చీలో కూర్చుని పనిచేసే మనిషి రోజంతా ఖర్చు పెట్టేదే రెండువేల చిల్లర. పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకపోయినా అంత కరగదు. పోయిందాంట్లోనూ వచ్చిందాంట్లోనూ ఎక్కువ భాగం నీళ్ళే.

ఓస్ నీళ్ళేనా అనకండి, నాకు ఈ వ్యవహారంలో అన్నిటికంటే ముచ్చటైనది అదే. తిన్న పిండిపదార్థం గ్లూకోజై రక్తంలోకి వస్తుంది. వెంటనే ఖర్చుకానిదాన్ని కాలేయం, కండరాలు దాచుకోవాలి. విడి చక్కెరగా దాస్తే ప్రమాదం. ఉప్పు చల్లిన మామిడి ముక్క నీరూరడం చూశారుగా, ఉప్పు ఉన్నచోటికి నీరు పరుగెత్తింది. చక్కెరా అంతే. కణం నిండా విడి చక్కెర ఉంటే బయటి నీరంతా లోపలికి దూసుకొచ్చి కణం పగిలిపోతుంది. అందుకని వేల గ్లూకోజు అణువుల్ని కొమ్మకు కొమ్మ అతికించి ఒకే పెద్ద అణువు చేస్తుంది ఒళ్ళు. నీటిని లాగేది అణువుల లెక్కే గనక, వేల లెక్క ఒక్కటైపోయి నీటి లాగుడు పడిపోతుంది. దాని పేరు గ్లైకోజెన్. ఇంత తెలివి చేసినా దాని ఒక్కో గ్రాముకీ దాదాపు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకునే ఉంటుంది. స్వీడన్‌లో ఓల్సన్, సాల్టిన్ 1970లో మనుషుల మీదే దీన్ని కొలిచి చూశారు. కాలేయంలో నూరు గ్రాములు, కండరాల్లో నాలుగువందలు అనుకుంటే, నీటితో కలిపి రెండు కిలోలు. గ్లాసు బియ్యం ఉడికి గిన్నె నిండినట్టే.

గింజ మానేసిన కొద్ది రోజుల్లో ఈ గ్లైకోజెన్ గాదె బాగా తరుగుతుంది. అంటుకున్న నీరు మూత్రంలో పోతుంది. ఇన్సులిన్ తగ్గడంతో మూత్రపిండాలు ఉప్పును కూడా వదిలేస్తాయి, దాని వెంట ఇంకొంత నీరు. నేనూ ఆరు రోజులు ఆ తిండి తిని చూశాను. మొదటి రెండు రాత్రులు నిద్ర కంటే బాత్రూముకు తిరగడమే ఎక్కువ. మూడో రోజు తలనొప్పి. నాలుగో రోజు మా ఆవిడ, మీ నోరు గోళ్ళరంగు తుడిచే మందు వాసనొస్తోందని దూరంగా జరిగింది. ఆ వాసన అసిటోనుది. కొవ్వు కరుగుతోందనడానికి అదొక సాక్ష్యం, అదీ గ్రాముల్లో.

ఈ గాదెను కనిపెట్టిన కథ చెప్పకుండా ఉండలేను. చక్కెర తయారుచేసే శక్తి మొక్కలకే ఉంది, జంతువులది ఖర్చు పెట్టడమేనని పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి పెద్దలు డ్యూమా, బూసాంగో తీర్మానించారు. అది పరీక్షించడానికి క్లోద్ బెర్నార్ అనే శాస్త్రవేత్త ఒక కుక్కకు మాంసం తప్ప మరేమీ పెట్టలేదు. మన ఉత్తరం రాసినాయన తిండే! అయినా దాని కాలేయం నుంచి వచ్చే రక్తంలో చక్కెర కనిపించింది. తర్వాత ఓ రోజు తీరిక లేక, కాలేయంలో చక్కెరకు రెండుసార్లు చేయాల్సిన కొలతలో రెండోది మర్నాటికి వాయిదా వేశారు. మర్నాడు చూస్తే బల్లమీది చచ్చిన కాలేయంలో చక్కెర పెరిగి ఉంది. అనుమానం తీరక ఇంకో కాలేయాన్ని నీళ్ళు ఎక్కించి చక్కెర జాడ లేకుండా కడిగేశారు. కొన్ని గంటలకు మళ్ళీ చక్కెర! లోపల ఏదో నిల్వ ఉండి విడిపోతోందన్నమాట. 1857లో దాన్ని వేరుచేసి గ్లైకోజెన్ అన్నారు. ఆ కుక్కకు లాగే, మీరు గింజ మానేసినా మీ కాలేయం మాంసకృత్తుల నుంచి చక్కెర వండుతూనే ఉంటుంది.

ఇక ఆదిమానవుడు. 1985లో ఈటన్, కానర్ అనే అమెరికన్లు రాసిన వ్యాసంతో ఆదిమానవుడి తిండే మనకు మంచిదన్న ఊహకు వైద్యుల్లో మర్యాద దొరికింది, 2002లో లోరెన్ కార్డేన్ పుస్తకంతో జనంలోకి పోయింది. మన దగ్గర వీరమాచనేని రామకృష్ణ చెప్పిన కొవ్వు తిండి వేరే దారిన వచ్చింది కానీ అన్నం గిన్నె దించేయడంలో రెండూ ఒకటే. ఆదిమానవుడు గింజ ఎరగడన్న మాట మాత్రం నిలవదు. మొజాంబిక్ గుహలో దొరికిన లక్ష ఏళ్ళ నాటి రాతి పనిముట్లకు జొన్నజాతి పిండి అంటుకుని ఉందని 2009లో తేలింది. గలిలీ సరస్సు ఒడ్డున 23,000 ఏళ్ళ కిందటే అడవి బార్లీని రాతిమీద నూరారు. మన తాతల తిండే కావాలంటే చిక్కోలులోనైనా విజయనగరంలోనైనా అది చోళ్ళు, గంటెలు, సామలు. అందులో చోడి తూర్పు ఆఫ్రికా నుంచి, గంటె పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చి స్థిరపడ్డవి. విజయనగరం పరిశోధన కేంద్రంవాళ్ళు ఒక చోడి రకానికి వేగవతి అని మన ఏటి పేరే పెట్టుకున్నారు.

ఇంతకీ సన్నబడతామా అంటారా? పడతారు, కడుపు నిండి తక్కువ తింటారు గనక. 2018లో స్టాన్‌ఫర్డ్‌వాళ్ళు 609 మందిని ఏడాదిపాటు చూస్తే, కొవ్వు తగ్గించినవాళ్ళు సగటున 5.3 కిలోలు, పిండిపదార్థం తగ్గించినవాళ్ళు 6 కిలోలు తగ్గారు. లెక్కలోకి వచ్చే తేడా కాదది. తూకానికి బదులు నెలకోసారి దర్జీ టేపుతో నడుము కొలుచుకోండి, నీళ్ళు దాన్ని అంతగా మోసం చేయలేవు.

మధుమేహానికి మాత్రలో ఇన్సులినో వాడేవాళ్ళు డాక్టరుతో మోతాదు సరిచేయించుకోకుండా ఇది మొదలుపెడితే చక్కెర పడిపోయి కళ్ళు తిరగొచ్చు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు పాఠకులకు ఇంకో మాట. మీ ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బుకు కారణం ఇంకా తేలలేదు, చాలామందికి ముదిరేదాకా బయటపడదు. దెబ్బతిన్న మూత్రపిండాలకు మాంసం బరువు ఎక్కువవుతుంది. ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి. ఆ కాగితం చూశాకే అన్నం సంగతి ఆలోచిద్దురుగాని.