ఉప్పు చెమర్చిందా? బూజు బయలుదేరినట్టే!

వానాకాలంలో ఒకసారి మీ వంటింట్లో ఉప్పు డబ్బా మూత తీసి చూడండి. ఎండాకాలంలో పొడిపొడిగా రాలిన ఉప్పే ఇప్పుడు చెంచాకు అంటుకుంటుంది. ముసురు నాలుగు రోజులు పట్టిందంటే డబ్బా అడుగున నీరు కూడా ఊరుతుంది. అందులో ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. మరి ఆ నీరు ఎక్కడిది? గాలిలోది.

అదే వారంలో, అదే ఇంట్లో, మంచం కింద పెట్టిన తోలు చెప్పులమీద తెల్లని నూగు కనిపిస్తుంది. బీరువా జరిపి చూస్తే వెనక గోడమీద నల్లని చుక్కలు. ఈ రెండు సంగతులకూ దగ్గర సంబంధం ఉంది. ఉప్పు ఎందుకు చెమరుస్తుందో తెలుసుకుంటే బూజు ఎందుకు పడుతుందో, దాన్ని ఎలా ఆపవచ్చో కూడా తెలుస్తుంది.

ముందు మాట విషయం తేల్చుకుందాం. తెలుగులో మనం రెండు వేరువేరు వాటిని బూజు అంటాం. పండగ ముందు చీపురుతో దులిపేది సాలెగూళ్ళు, దుమ్ము. దానికి ప్రాణం లేదు. రొట్టెమీదా, చెప్పులమీదా, గోడమీదా పట్టే బూజు మాత్రం ప్రాణి. అది శిలీంధ్రం, పుట్టగొడుగుకు చుట్టం. ఇక్కడ మనం మాట్లాడేది దీని గురించే.

ఈ ప్రాణి ఇంట్లోకి ఎలా వచ్చింది? అది రాలేదు, ఎప్పుడూ ఉంది! బూజుకు విత్తనాల వంటివి సిద్ధబీజాలు. చాలా బూజుల సిద్ధబీజాలు ఎంత చిన్నవంటే, రెండు మూడు వందల సిద్ధబీజాలను వరుసగా పేరిస్తే ఒక మిల్లీమీటరు అవుతుంది. అవి గాలిలో తేలుతూ ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. మీరు ఈ వాక్యం చదివేలోగా కొన్నింటిని పీల్చే ఉంటారు. వాటిని ఇంట్లోంచి పూర్తిగా తరిమేయడం ఎవరివల్లా కాదు. అయితే నీరు దొరికేదాకా అవి ఏమీ చెయ్యలేవు. నెలలకొద్దీ అలా పడి ఉంటాయి.

నీరే ఎందుకు? మనం తిని, తరవాత జీర్ణం చేసుకుంటాం. బూజు ముందు జీర్ణం చేసుకుని తరవాత తింటుంది! దానికి నోరూ, పొట్టా లేవు. సన్నని దారాల్లాంటి తంతువులను వస్తువులోకి చొప్పించి, ఎంజైములనే రసాయనాలను బయటికి వదులుతుంది. అవి పిండినీ, చెక్కనూ, తోలునూ విడగొట్టి కరిగిస్తాయి. ఆ కరిగిన దాన్ని తంతువులు పీల్చుకుంటాయి. ఈ పని అంతా తడిలోనే జరగాలి. వస్తువు పొడిగా ఉందంటే బూజు ముందు విస్తరి వేసి అన్నం వడ్డించనట్టే.

ఇప్పుడు ఉప్పు దగ్గరికి వద్దాం. గాలి ఒక వేడిమి వద్ద ఇంత ఆవిరినే భరించగలదన్న హద్దు ఉంది. ఆ హద్దులో నూటికి ఎంత వంతు నిండిందో చెప్పేదే సాపేక్ష ఆర్ద్రత. శుద్ధమైన ఉప్పు సుమారు 75 శాతం దాకా పొడిగా ఉంటుంది. దాటితే గాలిలోని ఆవిరిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. చాలా బూజులకు 80 శాతం దాటితే పండగ. కొన్ని మొండివి 75 దగ్గర కూడా మెల్లగా పెరుగుతాయి. అంటే ఉప్పు చెమర్చే హద్దూ, బూజు లేచే హద్దూ దాదాపు ఒక్కటే! ఖర్చులేని వాతావరణ పరికరం మీ వంటింట్లోనే ఉందన్నమాట. మన కోస్తా ఊళ్ళలో వానాకాలపు ఉదయాల్లో ఆర్ద్రత 80 శాతం దాటడం మామూలే.

అలాగయితే గోడ అంతా బూజు పట్టాలి కదా, బీరువా వెనకే ఎందుకు పట్టింది? దీనికి చిన్న లెక్క ఉంది. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని భరిస్తుంది. 25 డిగ్రీల వద్ద 23 గ్రాములే. గదిలో గాలి 30 డిగ్రీల వేడితో, 75 శాతం ఆర్ద్రతతో ఉందనుకోండి. అందులో సుమారు 23 గ్రాముల ఆవిరి ఉంటుంది. ఆ గాలి 25 డిగ్రీలున్న చల్లని గోడను తాకితే? అక్కడ ఆర్ద్రత దాదాపు 100! చల్లటి నీళ్ళ చెంబు చెమర్చినట్టే గోడా చెమరుస్తుంది. గాలి ఆడే చోట ఆ తడి ఆరిపోతుంది. బీరువా వెనక ఆరదు. అందుకే బీరువానూ, పుస్తకాల అలమరనూ గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా పెట్టాలి.

ఇంకో లెక్క మీరే చెయ్యండి. మూడు మీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో 27 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. 30 డిగ్రీల వద్ద ఆ గాలి మొత్తం భరించగలిగేది 820 గ్రాముల ఆవిరి, అంటే లీటరు కన్నా తక్కువ. వాన పడుతోందని గదిలో దండెం కట్టి బకెట్టెడు బట్టలు ఆరేస్తే వాటిలోంచి అంతకన్నా ఎక్కువ నీరే బయటికి వస్తుంది. అది ఎటు పోతుంది? గోడలకూ, పరుపులకూ, పుస్తకాలకూ. బట్టలు వసారాలో ఆరెయ్యండి. తప్పక గదిలో వెయ్యాల్సి వస్తే పంకా తిప్పి, కిటికీ తెరవండి. ఉత్తప్పుడు మాత్రం ముసురులో కిటికీలు బార్లా తెరిస్తే తడిగాలే లోపలికి వస్తుంది. వాన వెలిసి, మధ్యాహ్నం ఎండ కాసినప్పుడు తెరవడం మేలు.

బూజుకు గంజి మహా ఇష్టం. గంజి పెట్టిన నేతచీరను వానాకాలమంతా పెట్టెలో దాచడమంటే దానికి విందు చెయ్యడమే. దాచే చీరను గంజి లేకుండా ఉతికి, బాగా ఆరబెట్టి పెట్టాలి. కలరా ఉండలు వేశాం కదా అనుకోకండి. అవి పురుగులకోసం. బూజును ఆపవు.

గోడ, చీర చెడితే నష్టం డబ్బుతో పోతుంది. తిండి విషయం అలా కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు కారణం తెలియకుండా చచ్చిపోయాయి. వెతగ్గా వెతగ్గా, వాటికి మేతగా వేసిన వేరుశనగ పిండిలో విషం బయటపడింది. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు తయారుచేసే ఆ విషానికి, దాని పేరులోని అక్షరాలతోనే అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు గ్రామాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా మరణించారు. కామెర్లు, పొట్ట ఉబ్బు. ఆ ఇళ్ళలో కుక్కలకూ అదే జబ్బు. ఈ సంగతిని పరిశోధించి వెల్లడించినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు.

ఈ విషం మామూలుగా ఉడికించినా, వేయించినా పూర్తిగా పోదు. అందుచేత ముడుచుకుపోయిన, రంగు మారిన, పచ్చని బూజు కనిపించే వేరుశనగ పప్పు, మొక్కజొన్న గింజలు ఏరి పారెయ్యాలి. రొట్టెమీద బూజున్న ముక్క తుంచేసి మిగతాది తింటారు కొందరు. పైకి కనిపించేది కొంతే. తంతువులు లోపలికి పాకి ఉంటాయి. బూజు పట్టిందని గేదెకు వేస్తే? విషం పాలలోకి దిగి మళ్ళీ మన గ్లాసులోకే వస్తుంది! వేరుశనగ కాయలు నిలవ చేసే ముందు ఊపి చూడండి. లోపల గింజ గలగలమనాలి. అది ఎండిందనడానికి గుర్తు.

ఆవకాయ కిటుకు కూడా ఇదే. దానిలో నీరుంది కాని, ఉప్పు ఆ నీటిని బూజుకు అందనివ్వదు. పైన తేలే నూనె గాలిని అందనివ్వదు. తడిగరిటె పెట్టారా, ఆ నాలుగు చుక్కల దగ్గర ఉప్పు పలచబడి బూజుకు దారి దొరుకుతుంది. ఈ సంగతిలో మన బామ్మల చాదస్తం అక్షరాలా శాస్త్రమే.

గోడకు పట్టిన బూజును పొడి చీపురుతో దులపకండి. సిద్ధబీజాలు గదంతా చిమ్ముతాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకు అది ప్రమాదం. ముక్కుకు గుడ్డ కట్టుకుని, సబ్బునీళ్ళలో తడిపిన బట్టతో తుడిచి, వెంటనే ఆరబెట్టండి. ఎవరైనా బ్లీచింగ్ పౌడర్ వాడితే దానిలో యాసిడ్ మాత్రం కలపనివ్వకండి. విషపు క్లోరిన్ వాయువు వస్తుంది. ఆరిన గోడకు సున్నం వేస్తే మంచిది. సున్నపు క్షారంలో బూజు బతకలేదు. కాని గాలిలోని కార్బన్ డయాక్సైడుతో కలిసి సున్నం క్రమంగా సుద్దగా మారి ఆ గుణం పోగొట్టుకుంటుంది. ఏటా సున్నాలు వెయ్యడం అందుకే. ఇక కప్పు కారుతుంటే, గోడలో గొట్టం పగిలి ఉంటే ఎన్నిసార్లు తుడిచినా వృథా. ముందు ఆ నీటిని ఆపించాలి.

చేసి చూడండి

మూత ఉన్న రెండు గాజు సీసాలు తీసుకోండి. ఒకదాని అడుగున కొంచెం నీళ్ళు పొయ్యండి. రెండోదానిలో ఉప్పు వేసి, అది ముద్దగా తడిసేటంత మాత్రమే నీళ్ళు పొయ్యండి. మొదటి సీసాలో గాలి ఆర్ద్రత 100 శాతానికి చేరుతుంది, రెండోదానిలో 75 దగ్గరే నిలుస్తుంది. బాగా ఎండబెట్టిన రొట్టెముక్కలు రెండింటిని దారం కట్టి, తడి తగలకుండా లోపల వేలాడదీసి మూతలు బిగించండి. ఏ సీసాలో ఎన్నో రోజున నూగు కనిపించిందో రాసుకోండి. ఆఖర్న మూతలు తియ్యకుండా సంచిలో కట్టి పారెయ్యండి.

మరో చిన్న పని. ఒక పళ్ళెంలో ఒకవైపు పాకెట్టు ఉప్పు, మరోవైపు పెద్ద పలుకుల గళ్ళుప్పు పోసి వాన రోజున వంటింట్లో పెట్టండి. ముందు ఏది చెమరుస్తుంది? శుద్ధి చెయ్యని ఉప్పులో మెగ్నీషియం లవణాలు కలిసి ఉంటాయి, అవి 75 శాతం కన్నా చాలా ముందే నీటిని లాగుతాయి. ఇది గుర్తు పెట్టుకుని చూడండి.