పేరు ఒక్కటే - గేరుబాక్సు ఒక్కటేనా?



జనగామ వడ్లు, మహబూబాబాద్ మిర్చి, భూపాలపల్లి బొగ్గు లారీల మీద పోతాయి. ఆ లారీ మన ఇంటిదే కావచ్చు. మన ఇంటాయన దాన్ని నడుపుతుండవచ్చు. బండి ఆగితే ఇంట్లోకి పైసలు రావు.

గేరుబాక్సు ఏం చేస్తుంది?

ఇంజను బలాన్ని చక్రాలకు అందిస్తుంది. బరువుతో గడ్డ ఎక్కాలంటే బలం ఎక్కువ కావాలి. చదును రోడ్డు మీద వేగం కావాలి. ఈ మార్పు గేర్లు చేస్తాయి.

గేరుబాక్సు చెడిపోతే, కొందరు పాత బండిది కొని బిగిస్తారు. అది తప్పు కాదు. కానీ బండి పేరు ఒక్కటే అయినా, తయారైన సంవత్సరం వేరైతే గేరుబాక్సు మారవచ్చు.

ఏమేం చూడాలి?

1. ఇంజనుకు బిగించే బోల్టు రంధ్రాలు సరిపోవాలి.
2. గేరుబాక్సు ముందు కడ్డీ మీద గాళ్ళుంటాయి. అవి క్లచ్ ప్లేటులో సరిగ్గా కూర్చోవాలి.
3. గేరుబాక్సు పొడవు చూడాలి. పొడవు మారితే వెనుక చక్రాలకు పోయే షాఫ్టు అందదు.
4. వైర్లు కలవాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు బి.ఎస్.-6 నియమం వచ్చింది. పొగ తగ్గించడానికే ఈ నియమం. ఈ బండ్లలో కంప్యూటరు పెట్టె పని ఎక్కువ.

ఆటోమేటిక్ అయితే?

బొగ్గు గనుల పెద్ద డంపర్లలో ఆటోమేటిక్ గేరుబాక్సు ఉంటుంది. గేర్లు వాటంతట అవే పడతాయి. దీన్ని మార్చడం ఇంకా కష్టం. దీనికి వేరే ఆయిలు పోయాలి. ముందుండే టార్క్ కన్వర్టరు లోపలికి పూర్తిగా కూర్చోవాలి. కూర్చోకముందే బోల్టులు బిగిస్తే ఆయిలు పంపు విరుగుతుంది. కంప్యూటరు పెట్టె కూడా జత కుదరాలి.

పైసలు ఇచ్చే ముందు

ఆర్.సి. కాగితం తీయండి. బండి తయారైన సంవత్సరం అందులో ఉంటుంది. పాత గేరుబాక్సు మీది నంబరు, కొత్తగా తెచ్చేదాని నంబరు రాసుకోండి. రెండూ మెకానిక్‌కు చూపండి. నంబర్లు వేరైతే, పడుతుందో లేదో కంపెనీ డీలరును అడగండి. "పడకపోతే వాపసు తీసుకుంటం" అని బిల్లు మీద రాయించండి. నోటి మాట చాలదు. రాసింది మీరే చదివి చూసుకోండి.

ఆలోచించండి

మీ ఇంటి బండి ఏ సంవత్సరంలో తయారైంది? ఆర్.సి. చూసి రాయండి.