పెదనాన్న ఈత, పొయ్యిలో మంట

ఇలా రండర్రా, ఆ చాప లాక్కుని కూర్చోండి. మీ పెదనాన్న మాస్టర్స్ ఈత పోటీల కథ చెబుతా, అవే, వయసు మళ్లినవాళ్లకి పెట్టేవి. చదువుకునే రోజుల్లో కాలేజీలో వాడిని మించిన ఈతగాడు లేడు. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పొట్ట... నలభై ఎనిమిదో ఏట మళ్లీ కొలనులో దిగాడు.

దిగినవాడు ఊరుకోక 400 మీటర్ల ఫ్రీస్టైల్‌కి పేరిచ్చాడు. 50 మీటర్ల కొలనులో ఎనిమిది ల్యాపులు. మొదటిది 43 సెకన్లలో కొట్టేశాడు. ఒళ్లు దూదిలా తేలిపోయిందట! ఆరో ల్యాపుకి 57 సెకన్లు. బార వేద్దామంటే చెయ్యి పైకి లేవదు, దమ్ము అందదు. మొత్తం ఏడు నిమిషాలు.

మొదట తేలిగ్గా అనిపించిందే, అదే మాయ. కండల్లో క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే సరుకు కాస్త సిద్ధంగా ఉంటుంది. పొయ్యిలో ఎండు కొబ్బరాకు వేసినట్టు భగ్గుమంటుంది, పది సెకన్లు దాటితే తగ్గిపోతుంది. అన్నం ఉడికించేది చింతమొద్దు కదా? మన ఒంట్లో ఆ మొద్దు, ఊపిరి తెచ్చే ఆక్సిజన్‌తో నిదానంగా కాలే పిండిపదార్థం, కొవ్వు. అది రాజుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు కావాలి. ఈలోగా తొందరపడితే ఆక్సిజన్ చాలకుండానే చక్కెర ఖర్చయిపోయి, కండల్లో ఆమ్లం పేరుకుని మంటెత్తిస్తుంది. ఆ మంటతోనే వాడు మిగతా ల్యాపులన్నీ ఈదాడు, పాపం.

ఇక నీళ్ల సంగతి. బకెట్లో చెయ్యి పెట్టి మెల్లగా తిప్పండి, తర్వాత జోరుగా తిప్పండి. వేగం రెట్టింపయితే నీటి అడ్డు సుమారు నాలుగింతలవుతుంది, దాన్ని నెట్టే శక్తి ఎనిమిదింతలు కావాలి. పదో వంతు వేగం పెంచాలన్నా మూడో వంతు శక్తి అదనం! నీళ్లు అంత పిసినారివి. ముందు దుబారా చేసినవాడికి వెనక్కి చిల్లర కూడా ఇవ్వవు.

వయసు మీద పడితే ముందు చిక్కేవి ఒక్క ఊపున లాగే కండపోగులు. ఓపిగ్గా పనిచేసేవి చాలాకాలం నిలుస్తాయి. అందుకే నడివయసు వాళ్లు దూరపు ఈతలో కూడా రాణించగలరు. మన హైదరాబాద్ గోలి శ్యామల గారు యాభైకి చేరువవుతూ 2021లో పాక్ జలసంధి ఈదేశారు, పదమూడు గంటలకు పైగా! కుర్రాళ్లకీ ఓపికే ఆయుధం లెండి. అదే ఏడాది జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా బాబీ ఫింకే 1500 మీటర్ల పోటీలో చివరి ల్యాపు దాకా ముందు లేడు. ఆ చివరి 50 మీటర్లు 26 సెకన్ల లోపే కొట్టి బంగారం పట్టుకుపోయాడు.

కోచ్ చివాట్లు పెట్టాక మీ పెదనాన్న పద్ధతి మార్చాడు. మొదటి రెండు ల్యాపులూ ఇంకా వెళ్లగలను అనిపించినా బిగబట్టుకోవడం, ల్యాపుకి ఎన్ని బారలో లెక్కపెట్టుకోవడం, గుండెల్లో ఉన్నదంతా ఆఖరి ల్యాపులో తియ్యడం. ఇంచుమించు అన్ని ల్యాపులూ 50 సెకన్లే, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. ఒక్క సెకను కూడా ఎక్కడా ఎగబడలేదు, ఇరవై సెకన్లు తగ్గాయి.

మాస్టర్స్‌లో అయిదేసి ఏళ్లకో వయసు వర్గం. యాభై నిండితే 50–54 వర్గంలో అందరికన్నా చిన్నవాడవుతాడు, పతకం తేలిక. అందుకే యాభయ్యో పుట్టినరోజు కోసం మీ పెదనాన్న కాచుక్కూచున్నాడు. మీ పెద్దమ్మ మాత్రం నలభై తొమ్మిది దగ్గరే ఆగుతానంటోంది.