ఉడికిందా, కాలిందా?

మా ఇంట్లో నేను కేకు పెట్టిన ప్రతిసారీ రెండు ప్రశ్నలు వినిపిస్తాయి. అమ్మ "ఉడికిందా?" అంటుంది. ఆజీ "భాజలం కా?" అంటుంది. ఆజీ అంటే నాన్నమ్మ. అమ్మవాళ్ళది ఆసిఫాబాద్ వైపు, నాన్నవాళ్ళది చంద్రపూరే. అందుకని మా ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి. మరాఠీలో భాజణే అంటే కాల్చడం, వేయించడం. బేకింగ్‌కి రోజూ వాడే తెలుగు మాట మాత్రం మా అమ్మ దగ్గర లేదు. పొయ్యి మీద వండటమే తప్ప మూసిన పొయ్యిలో పెట్టే అలవాటు మనకి లేదు కదా!

నిజానికి ఆజీ మాటే సరైనది. ఇడ్లీ ఆవిరిలో ఉడుకుతుంది. కేకు చుట్టూ మూసి ఉన్న పొడి వేడిలో కాలుతుంది. దానికి 170, 180 డిగ్రీల వేడి కావాలి. పైన ఆ గోధుమ రంగు, ఆ వాసన వచ్చేది ఆ వేడికే. ఓవెన్ లేనివాళ్ళు కుక్కర్లో చేసేటప్పుడు విజిల్, గాస్కెట్ రెండూ తీసేయాలనేది ఇందుకే. నీళ్ళు పోయకూడదు, ఆవిరి లోపల ఆగకూడదు. నేనైతే కుక్కర్ పాడవుతుందని పాత దళసరి కడాయి వాడతాను. అడుగున అంగుళం మందం ఉప్పు పోసి, దాని మీద స్టాండు పెట్టి, మూతేసి పది నిమిషాలు వేడెక్కనిస్తాను. ఉప్పు వేడిని పట్టి ఉంచి మెల్లగా వదులుతుంది కాబట్టి అడుగు మాడదు.

ఇంకో సందేహం అందరూ అడిగేది: వంటసోడా, బేకింగ్ పౌడర్ ఒకటేనా? కాదు. సోడాకి పెరుగు, నిమ్మరసం లాంటి పులుపు తగిలితేనే బాగా గ్యాస్ వచ్చి పిండి పొంగుతుంది. బేకింగ్ పౌడర్లో ఆ పులుపు పదార్థం ముందే కలిపి ఉంటుంది. పులుపు లేకుండా సోడా ఎక్కువ వేస్తే కేకు సబ్బు రుచి వస్తుంది. మా తమ్ముడు ఆ కేకు తిని "అక్కా, బట్టలకా ఇది?" అన్నాడు.

మన ఊరి వాతావరణం కూడా ఒక పరీక్షే. మే నెలలో 45 డిగ్రీలు దాటే చోట నెయ్యి గిన్నెలోనే నూనెలా ఉంటుంది. కరిగిన నెయ్యితో కలిపితే నాన్‌ఖటాయి గుండ్రంగా నిలవకుండా పరుచుకుపోతుంది. పిండిని అరగంట ఫ్రిజ్‌లో పెడితే సరిపోతుంది. వానాకాలంలో బాధ వేరు. బిస్కట్లు గాలిలో తేమ పీల్చి మెత్తబడతాయి. పూర్తిగా చల్లారాక, గాలి చొరని డబ్బాలో పెట్టాలి.

ఇంట్లోవాళ్ళ కోసం చేస్తే తప్పులు కడుపులోకి పోతాయి, ఎవరూ పట్టించుకోరు. బయటివాళ్ళ కోసం చేసినప్పుడే నాకు అసలు పాఠం తెలిసింది. గతేడాది శ్రావణంలో నా పుట్టినరోజుకి రెండు పెద్ద కేకులు చేసి ఒక వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళాను. ఆ రోజు సోమవారం. సగం మందికి ఉపవాసం. మిగిలినవాళ్ళలో కొందరికి షుగర్, కొందరు గుడ్డు ముట్టరు. అందరూ నవ్వుతూనే ఉన్నారు, ప్లేట్లు మాత్రం అలాగే ఉన్నాయి. బల్లార్‌పూర్ పేపర్ మిల్లు దగ్గర ఏళ్ళ తరబడి ఉన్న ఒక తెలుగు పెద్దమ్మ నన్ను పక్కకి పిలిచి, "బిడ్డా, తెచ్చే ముందు ఒక్కమాట అడుగరాదా?" అంది. కేకు ముప్పావు వంతు ఇంటికి తిరిగొచ్చింది. ఆ రాత్రి నేను బాగా ఏడ్చాను. నా పుట్టినరోజుకి నాకిష్టమైంది చేసుకుని దానికి దానం అని పేరు పెట్టానని తర్వాత అర్థమైంది.

రెండోసారి ముందే వెళ్ళి అడిగాను. "చాయ్‌లో ముంచుకునేది తే, పండ్లు లేవు మాకు" అన్నారు. గుడ్డు లేని నాన్‌ఖటాయి అని తేలింది. కప్పు మైదా, పావు కప్పు శెనగపిండి, రెండు చెంచాల రవ్వ, అర కప్పు నెయ్యి, అర కప్పు చక్కెర పొడి, పావు చెంచా బేకింగ్ పౌడర్, కాస్త యాలకుల పొడి. దీనికి సుమారు 20 వస్తాయి. షుగర్ ఉన్నవాళ్ళకి చక్కెర లేకుండా వాము వేసి ఉప్పు బిస్కట్లు. అవీ మైదావే కాబట్టి ఒక్కొక్కరికి రెండు మించొద్దని అక్కడి సిస్టర్ చెప్పింది.

అప్పుడు లెక్క ఎదురైంది. 40 మందికి మూడేసి అంటే 120. నా కడాయిలో ఒక వాయికి 8 పడతాయి, వాయికి 25 నిమిషాలు. అంటే 15 వాయిలు, ఆరు గంటల పైనే. ఇంట్లో ఉన్నది ఒక్క పొయ్యి, అమ్మ వంట ఎప్పుడు చేయాలి? దారి ఆజీ చూపించింది. ఆమె చిన్నప్పుడు దివాళీ ముందు పిండి, నెయ్యి, చక్కెర డబ్బాల్లో పెట్టుకుని బేకరీకి వెళ్ళేవాళ్ళట. వాళ్ళు భట్టీలో కాల్చి, కూలీ తీసుకుని ఇచ్చేవాళ్ళు. మేమూ పిండి కలిపి, ఉండలు చేసి తీసుకెళ్ళాం. మా వీధి చివరి బేకరీ ఆయన పావ్‌లు తీశాక, మిగిలిన వేడిలోనే మావి పెట్టాడు. గంటలోపే అన్నీ అయిపోయాయి. ఈసారి డబ్బాలు ఖాళీగా తిరిగొచ్చాయి.

గ్యాదరింగ్‌లో స్టాల్ పెట్టి, వచ్చిన డబ్బు ఆశ్రమానికి ఇద్దామని మన క్లాసులో అనుకుంటున్నాం కదా, దానికో మాట. 2006 నాటి ఆహార భద్రత చట్టం ఆహార వ్యాపారానికి లాభం ఉందా లేదా అని చూడదు. సేవ కోసమైనా క్రమం తప్పకుండా చేసి అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఒక్కరోజు స్టాలే అయినా ముందు మేడమ్‌ని అడుగుదాం. డబ్బా మీద ఏమేం వేశామో, ఏ రోజు చేశామో రాద్దాం. వేరుశెనగ, గుడ్డు, పాలు పడనివాళ్ళు ఉంటారు.

అన్నిటికంటే ముందు ఎవరికి పెడుతున్నామో వాళ్ళని అడుగుదాం. వచ్చే ఆదివారం నేను ఆశ్రమానికి వెళ్తున్నాను. ఇంకో ఇద్దరు తోడొస్తే బాగుంటుంది. ఒకరికి మరాఠీ వస్తే చాలు, తెలుగులో మాట్లాడటానికి ఆ పెద్దమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది.